అరకు ఓటును చదవాలంటే ముందు మెయిన్ రోడ్డు దిగండి

ప్రతి ఎన్నికకూ కొందరు అరకు వచ్చి, రైల్వే స్టేషన్ దగ్గర్నుంచి పద్మాపురం గార్డెన్స్ దాకా నాలుగు టీ కొట్ల దగ్గర కూర్చుని "ఈసారి ఎవరిదండీ గాలి?" అని అడిగి వెళ్తుంటారు. నేను ఏజెన్సీ బళ్లలో పాఠాలు చెప్పి, పోలింగ్ డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. ఆ పద్ధతిలో ఇక్కడి ఓటు దొరకదని గట్టిగా చెప్పగలను. ఎలా చూస్తే దొరుకుతుందో, ఈ పనికి కొత్తగా దిగే కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను.

టీ కొట్టు దగ్గర మొదటి ప్రశ్న "ఎవరికి వేస్తారు?" అని కాదు, "మీ ఓటు ఎక్కడుంది?" అని ఉండాలి. టూరిస్టు ఊళ్లో రోడ్డు మీద మాట్లాడేవాళ్లంతా ఇక్కడి ఓటర్లు కారు. కారు నడిపే అబ్బాయి ఓటు ఎస్.కోటలోనో విశాఖలోనో ఉంటుంది. లాడ్జి లీజుకు తీసుకున్నాయనది ఇంకెక్కడో. వాళ్ల మాట అబద్ధమని కాదు, ఈ లెక్కలోకి రాదంతే.

తర్వాత హద్దు గీసుకోండి. అరకులోయ నియోజకవర్గం అంటే ఈ టౌనొక్కటే కాదు. అనంతగిరి, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు కలిపి ఆరు మండలాలు. బొర్రా గుహల వైపు నుంచి ఒడిశా సరిహద్దు దాకా ఉంటుంది. గెలుపోటములు తేలేది కొండ మీది ఊళ్లలో.

ఇక అసలు పని. ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారం 20 దొరుకుతుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. దానితో పాటు పోలింగ్ కేంద్రాల జాబితా కూడా దించుకోండి, ఎందుకంటే ఫారం 20లో చాలాసార్లు నంబర్లే ఉంటాయి, ఊరి పేరుండదు. రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు నంబరుతో నంబరు కలపొద్దు. కేంద్రాలు పెరిగినా, మారినా నంబర్లు జరిగిపోతాయి. ఊరి పేరుతోనే కలపండి. టౌను బూతులు ఒక రంగు, ఘాట్ రోడ్డు పక్కవి ఒక రంగు, లోపలి కొండవి ఒక రంగు వేసుకుంటే, ఒక్క సాయంత్రంలో మీకే బొమ్మ కనబడుతుంది.

అసెంబ్లీ లెక్క చూసి లోక్‌సభ గురించి తీర్పు చెప్పొద్దు. 2024లో అరకు లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాల్లో వైసీపీకి దక్కినవి అరకు, పాడేరు రెండే. అయినా ఎంపీగా గెలిచింది ఆ పార్టీ అభ్యర్థి గుమ్మ తనూజారాణి. రాష్ట్రమంతా కలిపి 11 అసెంబ్లీ సీట్లకు పడిపోయిన పార్టీ తరఫున అరకు అసెంబ్లీలో రేగం మత్స్యలింగం ముప్పై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రాష్ట్ర గాలి ఘాట్ ఎక్కేసరికి మారిపోతుందని అప్పుడు అందరూ అన్నారు. నాకు మాత్రం అభ్యర్థిని కూడా చూడాలనిపిస్తుంది. 2018 సెప్టెంబరులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు చంపేశారు. ఆ తర్వాతి ఎన్నికలో సానుభూతి పనిచేస్తుందనుకున్నారు. కిడారి కొడుకు శ్రవణ్ టీడీపీ తరఫున నిలబడి మూడో స్థానంలో ఆగిపోయారు. రెండో స్థానం స్వతంత్రుడిగా దిగిన సియ్యారి దొన్నుదొరది. పార్టీ గుర్తు లేకుండా అన్ని ఓట్లు ఎలా వచ్చాయో బూతుల వారీగా చూడండి, చుట్టరికాలు, తెగలు, ఊరిపెద్దల మాట ఎంత బలమైనవో తెలుస్తుంది. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపొద్దు.

నోటా కాలమ్‌ను వదిలేయకండి. 2024లో అరకు లోక్‌సభలో గెలుపు తేడా ఎంతో నోటా ఓట్లూ దాదాపు అంతే, రెండూ 50 వేలు దాటాయి. అదంతా కోపమేనని రాసేస్తే తొందరపాటు. మిషన్ మీద చివరి బటన్ కాబట్టి నొక్కినవాళ్లూ ఉంటారని నా నమ్మకం. చదువు తక్కువున్న ఊళ్లలో, నోటా ఎక్కువ పడిన బూతుకు స్వయంగా వెళ్లి అడిగితేనే తేలుతుంది.

ముందు భూమి గురించి అడగండి. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. రిసార్టు కట్టాలనుకునేవాళ్లకు అది అడ్డు, కొండదొర, బగత, కోందు తెగలకు అదే కాపలా. టూరిజం కోసం ఆ చట్టాన్ని సవరించాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడు అన్న మాటకు 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతా బంద్ జరిగింది, ముఖ్యమంత్రే చట్టం జోలికి వెళ్లబోమని చెప్పాల్సి వచ్చింది. టూరిస్టులు రావాలని కోరుకునే మనిషే భూమి విషయంలో బిగుసుకుంటాడు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ నొప్పి చదువుకున్న పిల్లల్లో ఇంకా ఉంది. తర్వాత రోడ్డు, రోడ్డు లేక రోగులను మోసుకొచ్చే డోలీ మోత, కాఫీ గింజల ధర గురించి అడగండి.

సంత రోజు వెళ్లండి, లోపలి ఊళ్లవాళ్లు అప్పుడు దిగుతారు. ఆదివాసీ ఒడియా వచ్చిన మనిషి పక్కన ఉంటే మంచిది. "ఎవరికి వేశావమ్మా?" అని మాత్రం అడగొద్దు. అడిగితే మొహమాటానికి మీరు వినాలనుకున్న పేరే చెబుతారు.

ఒక్కటి మాత్రం దయచేసి పాటించండి. చిన్న బూతు అంటే ఒకటి రెండు ఊళ్లే. ఫలానా ఊరు మాకు వెయ్యలేదని తెలిస్తే రోడ్డు ఆగిపోతుందేమో, పింఛను ఆగుతుందేమో అని జనం భయపడతారు. మీరు రాసేటప్పుడు నాలుగైదు బూతులు కలిపి మండలం పేరుతో చెప్పండి, ఊరి పేరు మీ నోటుబుక్కులోనే ఉంచుకోండి.