పాత కారు మీటరు, 3వ పాఠం: ఊగే ముల్లు

పోయిన పాఠంలో నార్కట్‌పల్లి దారిలో కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ కారు వేగం చూపే మీటరు (స్పీడోమీటరు) తప్పొప్పులు పట్టుకున్నాం. ముల్లు 60 మీద నిలిస్తే రాయికీ రాయికీ మధ్య 60 సెకన్లు, 40 మీద నిలిస్తే 90 సెకన్లు. అయితే ముల్లు నిలిస్తేనే కదా ఆ లెక్క. 20కీ 50కీ మధ్య ఊగులాడుతుంటే ఏ అంకె నమ్మాలి? ఈసారి ఆ జబ్బు సంగతి.

ఇలాంటి బండి షెడ్డుకు తీసుకెళ్తే "మీటరు పోయింది, కొత్తది వేద్దాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. దయచేసి తొందరపడి ఒప్పుకోకండి. పాత అంబాసిడర్, పద్మిని, మొదటి తరం మారుతి 800 మీటర్లలో పాడవడానికి ఉన్నది చాలా తక్కువ. ఒక అయస్కాంతం తిరుగుతుంది, దాన్ని తాకకుండా పక్కనే ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి దాన్ని తన వెంట తిప్పాలని చూస్తుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి పోటీ ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ. 1902లో జర్మనీకి చెందిన ఓటో షుల్జే పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే.

ఆ అయస్కాంతాన్ని తిప్పేది గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్. పైన తొడుగు, లోపల తిరిగే తీగ. బావి గిరక ఇరుసు ఎండిపోతే చేద ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి: పట్టుకుంటుంది, ఒక్కసారిగా వదిలేస్తుంది. మన ఎండలకు, దుమ్ముకు గ్రీజు గట్టిపడిన తీగ కూడా అంతే. తొడుగులో ఒకచోట పట్టుకుని మెలి తిరుగుతుంది, వదిలినప్పుడు గిర్రున తిరుగుతుంది. ముల్లు ఊగేది అందుకే. నెమ్మదిగా పోతున్నప్పుడు బాగా ఊగి, వేగం పెరిగాక కాస్త కుదురుకుంటే తీగనే అనుమానించండి.

ఇక పని. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. మీటరు స్క్రూలు విప్పి కొద్దిగా ముందుకు లాగితే వెనక కేబుల్ చేతికి అందుతుంది. కొన్ని బండ్లలో చేత్తో తిప్పే నట్టు ఉంటుంది, కొన్నింటిలో నొక్కితే ఊడే క్లిప్పు. లోపలి తీగను మెల్లగా పైకి లాగండి. రాకపోతే బలం చేయకుండా గేర్‌బాక్స్ వైపు కూడా విప్పండి.

తీగను డీజిల్‌లోనో గ్యాసునూనెలోనో కడిగి, గుడ్డతో తుడిచి, చదునైన బండ మీద పెట్టి అరచేత్తో దొర్లించండి. సాఫీగా దొర్లితే మంచిదే. ఎక్కడైనా ఎగిరితే అక్కడ వంకర పడ్డట్టు. ఒక్క పోగు తెగినా అంతే. వంకర తీసి వాడదామనుకోవద్దు, తీగ మార్చాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం గ్రీజు. పలుచగా, తీగ పొడవులో మూడింట కింది రెండు వంతులకే రాయాలి. మీటరు వైపు ఉండే పై వంతు పొడిగా ఉండాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఎక్కువ రాస్తే ఎక్కువ కాలం పనిచేస్తుందనుకుని తీగంతా దట్టంగా పట్టించాను. తిరిగే తీగ ఆ గ్రీజును పైకి ఎక్కించింది. అది అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య చేరి ముల్లు పైఅంకెల దగ్గరే ఉండిపోయింది. బాగున్న మీటరును నా చేతులతో పాడు చేశానని చాలా రోజులు బాధపడ్డాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

తీగ లోపలికి దించాక, రెండు కొసలూ తగిలించకముందే ఒక కొసను వేళ్లతో తిప్పండి. రెండో కొస కూడా అప్పుడే, ఆగకుండా తిరగాలి. ఆలస్యంగా, ఎగురుతూ తిరిగితే తొడుగు ఎక్కడో నలిగింది. బాగుంటే బిగించేయండి. బిగించేటప్పుడు కేబుల్‌ను అడుగు వెడల్పు గుండ్రం కన్నా బిగుతుగా వంచొద్దు. గ్రీజు ఎంత మంచిదైనా మొనదేరిన వంపులో తీగ తప్పక పట్టుకుంటుంది.

తీగ బయటికి తీసినప్పుడు గేర్ ఆయిల్ కారుతూ వచ్చిందా? అలాగైతే ఇంకా బిగించకండి. గేర్‌బాక్స్ కొసలో ఆయిల్ సీలు అరిగింది. దాన్ని మార్చడం వచ్చే పాఠంలో.