కళ్ళు బాగానే ఉన్నా వస్తువును పోల్చుకోలేకపోతుంటే ఇంట్లో ఎలా తేల్చుకోవాలి

పక్షవాతం వచ్చి కోలుకున్నాక కొందరు పెద్దవాళ్ళు దువ్వెన చేతికిస్తే చక్కగా దువ్వుకుంటారు. అదే దువ్వెన బల్ల మీద పెట్టి చూపిస్తే ఏమిటో చెప్పలేరు. ఇంట్లోవాళ్ళు చూపు మందగించిందని కళ్ళజోడు మారుస్తారు, లేదంటే వయసు మతిమరుపని ఊరుకుంటారు. రెండూ కాకపోవచ్చు. చూడటం వేరు, పోల్చుకోవడం వేరు. కంటికి కనపడినదాన్ని లోపల దాచుకున్న దానితో పోల్చి చూసే పని మెదడుది. ఆ పని ఎక్కడ తెగిందో కనిపెట్టడానికి అరగంట తీరిక, ఏడెనిమిది ఇంటి వస్తువులు చాలు.

ఒక్కమాట ముందే చెప్పాలి. ఈ తేడా ఉన్నట్టుండి వస్తే ఈ పరీక్షలేవీ పెట్టకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు వెనక భాగానికి వెళ్ళే రక్తనాళం మూసుకుపోతే మూతి వంకర పోకుండా, చెయ్యి పడిపోకుండా చూపులోనే తేడా రావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. మనిషి చివరిసారి బాగున్న టైము కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి.

పాత తేడా అయితే కళ్ళతో మొదలుపెట్టండి. శుక్లాలు ఉన్నాయేమో కంటి డాక్టరు చూడాలి. కంచంలో ఒక పక్క అన్నం తిని రెండో పక్కనున్న గోంగూర పచ్చడిని ముట్టుకోకపోతే, ఆ పక్క చూపు పోయిందేమో, లేదా ఆ పక్క ధ్యాసే పోవడం లేదేమో చూడాలి. రెండు మూరల దూరంలో ఎదురెదురుగా కూర్చోండి. పరీక్ష చేయించుకునే మనిషి కుడికన్ను మూస్తే మీరు ఎడమకన్ను మూసి, ఒకరి కంట్లోకి ఒకరు చూస్తూ ఉండగా మీ వేళ్ళను పక్కనుంచి ఆడిస్తూ మెల్లగా లోపలికి తీసుకురండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్ళకూ ఒకే పక్క కనపడకపోతే లోపం కంటిలో కాదు, దాని వెనక దారిలో ఉంది.

ఇక వస్తువులు. తాళంచెవి, దువ్వెన, అట్లకాడ, అగ్గిపెట్టె, టూత్‌బ్రష్, కత్తెర, పూజ గంట, ఎండుమిరపకాయ. పగటి వెలుతురులో, గళ్ళూ పూలూ లేని దుప్పటి మీద, ఒక్కోసారి ఒక్కటే పెట్టండి. మెరిసే స్టీలు సామాను వద్దు. లైటు పడిన చోట మెరుపు అంచును చెరిపేస్తుంది. మెదడులో చూపు తొలిమెట్టు అంచులు, గీతల వాలు పట్టుకోవడమే. దాన్ని 1959 నుంచి హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లి మెదడు కణాల్లో చూపించారు, 1981లో నోబెల్ అందుకున్నారు. ఆ గీతలు కలిసి ఆకారమై, కణతల లోపలి వైపు నడిచే దారిలో వస్తువుగా తేలుతాయి.

ముప్పై సెకన్లు ఆగండి. పేరు చెప్పలేకపోతే "దీంతో ఏం చేస్తారో చేసి చూపించండి" అనండి. చూసి, ముట్టుకోకుండానే సరిగ్గా అభినయిస్తే పోల్చుకోవడం బాగుంది, మాటే దొరకట్లేదు. అభినయించలేకపోతే కళ్ళు మూయించి అదే వస్తువును చేతికివ్వండి. తడమగానే "తాళంచెవి" అన్నారంటే జ్ఞాపకమూ ఉంది, పేరూ ఉంది, చూపు దారి ఒక్కటే తెగింది. తడిమినా తెలియకపోతే ఆ వస్తువు గురించిన ఎరుకే చెదిరి ఉండవచ్చు.

పరీక్ష చెడేది ఎక్కువగా ఇక్కడే. తాళంచెవి గలగలమంటుంది, మిరపకాయ ఘాటు కొడుతుంది, పక్కనున్న మనవడు పేరు అందించేస్తాడు. భోజనాల బల్ల మీద గ్లాసు పెడితే చోటును బట్టి ఊహించేస్తారు.

చూపు దారే తెగిందని తేలితే, చతురస్రం గీసి అలాగే గీయమనండి. గీయలేకపోతే, రెండు ఒకేలా ఉన్న బొమ్మలను జతపరచలేకపోతే, ఆకారం కూడే మెట్టులోనే చిక్కు. చూసి బొమ్మ చక్కగా గీసి, గీసినదేమిటో చెప్పలేకపోతే, ఆకారం కూడింది, దానికి అర్థం తగల్లేదు. ఈ రెండు రకాలనూ లిస్సావర్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే విడదీశాడు. జాగ్రత్తగా చూడండి: ఒక్కో గీతనూ తడుముకుంటూ చాలాసేపు గీస్తే దాన్ని పూర్తిగా సరైనదిగా లెక్కపెట్టకండి.

చాలా ఇళ్ళలో మనసు కష్టపెట్టే విషయం ఒకటుంది. గ్లాసేమిటో చెప్పలేని మనిషి చెయ్యి చాపి ఆ గ్లాసునే సరిగ్గా అందుకుంటే "నటిస్తున్నారు" అంటారు. నటన కాదు. చేతిని నడిపే చూపు దారి మెదడు పైభాగంలో వేరుగా ఉంది. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుతో మెదడు దెబ్బతిన్న డి.ఎఫ్. అనే ఆమె సందు ఏ వాలులో ఉందో చెప్పలేకపోయినా, కార్డును ఆ సందులో సరిగ్గా దూర్చగలిగిందని మిల్నర్, గుడేల్ అనే పరిశోధకులు 1990ల మొదట్లో చూపించారు. దయచేసి మందలించకండి.

ముఖాలు వేరే చూడాలి. మాట్లాడకుండా ఎదురుగా నిలబడితే పోల్చుకోక, "అమ్మా" అనగానే పోల్చుకుంటే ముఖాలకే చిక్కు. అప్పటినుంచి గదిలోకి వస్తూనే "అమ్మా, నేను, చిన్నోణ్ణి" అనడం అలవాటు చేసుకోండి. విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి రద్దీలోకి తీసుకెళ్తే దూరం నుంచి తెలిసే ఒకే రంగు చొక్కా వేసుకోండి.

వంటింట్లో వస్తువులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఒకదాన్ని ఒకటి కప్పేస్తే అంచులు కలిసిపోతాయి, ఈ మనిషికి అన్నిటికంటే కష్టం అదే. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకు రెండు వేయండి, వేలికి తెలుస్తుంది. కారం, కుంకుమ రెండూ ఎర్రపొడులే కాబట్టి కుంకుమ భరిణె దేవుడి గదిలోనే ఉండాలి. ఫినాయిల్‌ను మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పోయకండి, తాళం వేసిన బీరువాలో పెట్టండి.

గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళినా, విజయవాడలో ఇంకే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళినా "గుర్తుపట్టట్లేదు" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఒక్కో వస్తువుకూ చూసి చెప్పారా, చేసి చూపించారా, తడిమి చెప్పారా అని మూడు గళ్ళలో రాసిన కాగితం, ఆ మనిషి గీసిన బొమ్మ డాక్టరు చేతిలో పెట్టండి.