మా అబ్బాయి కళ్ల కోసం మార్చుకున్న అలవాట్లు

ఏడేళ్ల మా అబ్బాయి ఫోన్‌ను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకొని గంటల తరబడి చూసి, సాయంత్రానికల్లా ఎర్రబడిన కళ్లను పిడికిళ్లతో నులుముకోవడం గమనించాక నా మనసు మనసులో లేదు. తెరను తదేకంగా చూసేటప్పుడు రెప్పపాట్లు తగ్గి కళ్లు పొడిబారుతున్నాయని కంటి వైద్యురాలు చెప్పారు. ఫోన్‌ను ఒక్కసారిగా లాక్కుంటే ఏడుపే మిగిలింది. అందుకని ఫోన్ చూసే సమయాన్ని రోజుకు ఒక గంటకు కుదించాను. 20 నిమిషాలకు అలారం మోగగానే ఇద్దరమూ కిటికీ దగ్గర నిలబడి, 20 అడుగులకు పైగా దూరంలో ఉన్న చెట్టును 20 సెకన్లు చూసేవాళ్లం. కొమ్మల మీది పక్షులను లెక్కపెట్టడం వాడికి ఆటైపోయింది. అన్నిటికన్నా మేలు చేసేది ఆరుబయట ఆటేనని నా నమ్మకం, ఎందుకంటే పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చే అవకాశం తగ్గుతుంది. పడకగదిలోకి ఫోన్లు రాకూడదన్న నియమాన్ని ముందుగా నేనే పాటించాను. నెల తిరిగేసరికి వాడు కళ్లు నులుముకోవడం మానేశాడు.