సూడాన్ యుద్ధాన్ని దూరం నుంచి చూస్తున్నవాళ్లు ఏం చేయొచ్చు

ముందు సూడాన్ మొత్తాన్ని ఒకేసారి నెత్తిన పెట్టుకోవడం మానేయండి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇళ్లు వదిలిపోయారంటే ఎవరికైనా కాళ్లూచేతులూ ఆడవు. అందుకని ఒక్క ఊరు ఎంచుకోండి. నేను పశ్చిమ సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతంలో ఉన్న ఎల్ ఫాషర్‌ను ఎంచుకున్నాను. దానికి పెద్ద కారణమేం లేదు, నాతో పాటు ఆఫీసులో లెక్కలు చూసే సూడానీ ఆయన అత్తగారి ఊరు అది. మీకు అలా తెలిసినవాళ్లు లేకపోతే ఎల్ జెనీనానో, ఒమ్‌దుర్మానో, ఎల్ ఒబెయిదో తీసుకోండి.

తర్వాత ఆ ఊరి గురించి ఒక కాగితం మీద రాసుకోండి. ఊరు ఎవరి చేతిలో ఉంది, జనం ఎటు పోతున్నారు, ఏం తింటున్నారు, అంతే. నా కాగితంలో ఇలా ఉంది. 2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో జనరల్ బుర్హాన్ నడిపే దేశ సైన్యానికీ, హెమెద్తీ నడిపే ఆర్ఎస్ఎఫ్ (రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే పారామిలిటరీ దళానికీ పోరు మొదలైంది. అంతకుముందు 2021 అక్టోబరులో పౌర ప్రభుత్వాన్ని పడగొట్టింది ఈ ఇద్దరూ కలిసే. 2024 మే నుంచి ఆర్ఎస్ఎఫ్ ఎల్ ఫాషర్‌ను ముట్టడించింది. ఆ ఆగస్టులో ఊరి పక్కనున్న జంజం నిర్వాసితుల శిబిరంలో కరువు ఉందని తేల్చారు. మరుసటి ఏడాది ఎవరూ దాటకుండా ఆర్ఎస్ఎఫ్ ఊరి చుట్టూ మట్టికట్ట పోసింది. లోపలివాళ్లు అంబాజ్ తిన్నారు, అంటే పశువులకు వేసే వేరుశనగ చెక్క. 2025 అక్టోబరు 26న ఊరు ఆర్ఎస్ఎఫ్ వశమైంది. తప్పించుకున్నవాళ్లలో చాలామంది సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని తవీలా అనే ఊరి దారి పట్టారు.

ఈ కాగితం రాసుకుంటే యుద్ధం ఆగదు. కానీ ఎవరైనా "వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తున్నారు, మనకెందుకు" అన్నప్పుడు నోరు పెగులుతుంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తుపాకులు బయటినుంచి వస్తున్నాయి, బంగారం బయటికి పోతోంది, ఇంక వాళ్లలో వాళ్లెక్కడ?

వార్తలు రోజుకోసారి, పగటిపూట చదవండి. చదవండి అన్నాను, చూడండి అనలేదు. రేడియో దబంగా, సూడాన్ ట్రిబ్యూన్ అనే సూడానీ వార్తాసంస్థలు ఇంగ్లిష్‌లోనూ రాస్తాయి. యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో ఇచ్చే నివేదికలు నిదానంగా వస్తాయి కానీ గట్టిగా ఉంటాయి. మట్టికట్ట సంగతి నేను వాళ్ల రిపోర్టులోనే చదివాను. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో వేలు జరుపుతూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

వీడియోలు మాత్రం ఫార్వర్డ్ చేయకండి. ఎల్ ఫాషర్ పడినప్పుడు బయటికొచ్చిన ఘోరాల్లో చాలా వాటిని ఆ పని చేసినవాళ్లే గొప్పగా తీసుకుని పెట్టారు. వాటిని పంచితే వాళ్లకు కావలసిన ప్రచారం మనం చేసిపెట్టినట్టే. అలాగని అవి పనికిరానివి కావు, సాక్ష్యాలు సేకరించేవాళ్లకు కావాలి. డార్ఫుర్ కేసును 2005లో భద్రతామండలి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు అప్పగించింది. 2003, 2004 నాటి నేరాలకు అలీ కుషైబ్ అనే జంజవీద్ (అప్పటి ప్రభుత్వం వైపు పోరాడిన సాయుధ ముఠాలు) నాయకుడిని ఆ కోర్టు దోషిగా తేల్చింది 2025 అక్టోబరులో. ఆలస్యమే, ఒప్పుకుంటాను. కానీ ఇరవై ఏళ్ల కిందటి సాక్షుల మాటలను ఎవరో పోగొట్టకుండా ఉంచారు కాబట్టే అదైనా జరిగింది.

ఇక డబ్బు. చాలామంది మొహమాటంతో ఆగిపోయేది ఇక్కడే, "నా కొద్దిపాటి డబ్బు ఏ మూలకు?" అని. సూడాన్‌లో ఆ మూల ఎక్కడుందో చెప్పొచ్చు. యుద్ధం మొదలవగానే వీధుల్లోని యువకులూ ఆడవాళ్లూ ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో జట్లు కట్టారు. 2019లో దీర్ఘకాల పాలకుడు బషీర్‌ను దింపిన ఉద్యమంలోని వీధి కమిటీల వాళ్లే చాలామంది. వీళ్లు నడిపే సామూహిక వంటశాలలను తకాయా అంటారు. పెద్ద సంస్థల లారీలు చేరలేని చోట అన్నం పెట్టింది ఇవే. 2025లో వీళ్లకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. అదే ఏడాది మొదట్లో అమెరికా సాయం ఆగిపోయేసరికి వందల వంటశాలలు మూతపడ్డాయి. పొయ్యి వెలగాలంటే డబ్బు ఆగకుండా రావాలి. అందుకే ఒకేసారి పెద్ద మొత్తం పంపి మర్చిపోవడం కంటే, నెలనెలా కొంచెం పంపడం మేలు.

డబ్బు లోపలికి చాలావరకు బంకక్ అనే బ్యాంకు యాప్ ద్వారా చేరుతుంది. నగదు దొరకని ఊళ్లో దాన్ని నోట్లుగా మార్చుకోవడానికి వ్యాపారికి కమిషన్ ఇచ్చుకోవాలి. ఈ లెక్క తెలిస్తే "మొత్తం భోజనానికే ఎందుకు పోలేదు" అని అనుమానించరు. విదేశాల్లోని సూడానీ సంఘాల ద్వారా పంపేటట్టయితే, ఏ ఊరికి, ఏ వంటశాలకు అని అడగండి. తింటున్నవాళ్ల ముఖాలు కనిపించే ఫొటోలు మాత్రం అడక్కండి. ఈ వలంటీర్లను రెండు పక్షాలూ అరెస్టు చేశాయి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌కో, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్‌కో ఇవ్వండి, అదీ మంచిదే. పాత బట్టలు మూటగట్టి పంపే ఆలోచన వద్దు. చేరవు.

మీ చుట్టుపక్కల సూడాన్ మనిషి ఉంటే "మీవాళ్లంతా బాగున్నారా" అని అడగకండి. బాగాలేరు, ఆయన ఏం చెప్పాలి? మా సహోద్యోగిని నేను "ఇవాళ ఫోన్ కలిసిందా?" అని అడుగుతాను. 2024 ఫిబ్రవరిలో దేశమంతా నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ఆయనకు అదొక్కటే ప్రశ్న. కలిసిన రోజు ఆయనే చెప్పుకుంటూ పోతారు. కలవకపోతే నేను ఆయన ఫైళ్లు కొన్ని తీసుకుని నా పని నేను చూసుకుంటాను. రాజకీయం ఎత్తను. అన్నట్టు, ఆయనకు ఫుట్‌బాల్ కబుర్లు కావాలి, మనం జాలిమొహం పెడితే విసుగు.

ఆన్‌లైన్ పిటిషన్ల మీద నాకు నమ్మకం తక్కువ. ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయడం నయం. రాస్తే ఒకే ఒక్క విషయం అడగండి: 2004 నుంచి డార్ఫుర్‌కే పరిమితమైన ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధాన్ని సూడాన్ మొత్తానికి వర్తింపజేయాలని మన ప్రభుత్వం అంటుందా, అనదా? యూఏఈ నుంచి ఆర్ఎస్ఎఫ్‌కు ఆయుధాలు అందుతున్నాయన్న ఆరోపణ ఉంది, ఆ దేశం కాదంటోంది. ఆ సంగతి ఎత్తితే రెండు మాటలూ రాయండి, లేకపోతే జవాబు ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది. ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి, మీ పూర్తి చిరునామా రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని తేదీ మార్చి మళ్లీ పంపండి.