పక్షవాతం తర్వాత చేతి వ్యాయామానికి వీఆర్‌ను వాడే విధానం

పక్షవాతంతో చెయ్యి బలహీనపడినవారికి ఇంట్లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌తో, అంటే కళ్లకు పెట్టుకుంటే కంప్యూటర్ ఆట చుట్టూ ఉన్నట్టు చూపే పరికరంతో, సాధన చేయించదలచినవారు ముందుగా దాని పరిమితిని తెలుసుకోవాలి. వీడియో గేములతో సహా ఇటువంటి పద్ధతులపై జరిగిన 72 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 2,470 మంది ఫలితాలను పరిశీలించిన 2017 నాటి కొక్రేన్ (వైద్య పరిశోధనలను క్రోడీకరించి అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, మామూలు థెరపీకి బదులుగా వాడితే చేతి పనితీరులో అదనపు మేలు కనిపించలేదని, దానికి తోడుగా చేర్చి సాధన సమయాన్ని పెంచినప్పుడు ప్రయోజనం ఉండవచ్చని తేల్చింది. అందువల్ల ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలను తగ్గించకుండా, వాటికి అదనంగానే దీన్ని చేయించాలి. ఫిట్స్ వచ్చినవారికి, భుజం కీలు జారినవారికి, తరచూ తల తిరిగేవారికి డాక్టర్ అనుమతి లేనిదే మొదలుపెట్టకూడదు.

చక్రాలు లేని గట్టి కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి గది కనిపించదు కనుక చెయ్యి చాచినంత మేర ఏ వస్తువూ లేకుండా చూసి, సహాయకులు బలహీనమైన చేతి వైపే నిలబడాలి. కంట్రోలర్ (ఆటను నడిపేందుకు చేత్తో పట్టుకునే పరికరం) పట్టుకోలేని చేతికి దాన్ని వెల్క్రో పట్టీతో వదులుగా కట్టవచ్చు. ముడుచుకుపోయిన వేళ్లను బలవంతంగా తెరవకూడదు. చెయ్యి గాలిలో నిలవకపోతే, నున్నటి బల్లపై గుడ్డ పరిచి, ముంజేతిని దానిమీద జరిపిస్తూ ఆడించాలి.

అన్నింటికన్నా శ్రద్ధగా గమనించవలసినది శరీర భంగిమ. మోచేయి చాచలేనివారు నడుము ముందుకు వంచి, భుజాన్ని చెవిదాకా ఎత్తి ఆటలోని లక్ష్యాన్ని అందుకుంటారు. ఆట వారికి పాయింట్లు ఇస్తుంది గానీ, మోచేతికి మాత్రం సాధన అందదు. అదే అలవాటుగా స్థిరపడితే తర్వాత మాన్పించడం చాలా కష్టం. వీపు కుర్చీకి ఆనే ఉందో లేదో చూస్తూ, అది ముందుకు కదిలిన వెంటనే లక్ష్యాన్ని దగ్గరికి మార్చాలి లేదా స్థాయిని తగ్గించాలి. స్కోరు పడిపోయిందని రోగి నిరుత్సాహపడితే, ఈరోజు మోచేయి ఎంత తెరుచుకుందో చూపించి ధైర్యం చెప్పాలి.

మొదట్లో ఐదు, పది నిమిషాలు చాలు. వికారం, భుజం నొప్పి కలిగితే వెంటనే ఆపాలి. మాట తడబడినా, కొత్తగా బలహీనత కనిపించినా 108కి ఫోన్ చేయాలి. హెడ్‌సెట్ తీసి, కాసేపు కుదుటపడనిచ్చాక, అదే కదలికను బల్లమీది ఖాళీ స్టీలు గ్లాసును అందుకోవడంలోనో, తువ్వాలు మడవడంలోనో చేయించాలి.