అటకెక్కిన కామిక్‌ని ఈసారైనా పూర్తిచేసి పదిమందికీ చూపించడం ఎలా

ముందే చెప్తున్నా, మొదటి పేజీలు మళ్లీ గీయొద్దు. ఆగిపోయిన కామిక్‌ని బయటికి తీసిన ప్రతివాళ్లూ చేసే మొదటి పని అదే. కట్ట విప్పుతారు, హీరో ముక్కు చూస్తారు, "ఛీ, ఇదేం ముక్కు" అనుకుని కొత్త కాగితం తీస్తారు, నాలుగో పేజీకి వచ్చేసరికి సెలవులు అయిపోతాయి, కట్ట మళ్లీ అటకెక్కుతుంది. ఇన్నేళ్లలో మీ చెయ్యి కాస్త తిరిగింది కాబట్టి పాత బొమ్మ మీ కంటికి ఆనడం లేదు, అంతే. చదివేవాడికి ముక్కుతో పనిలేదు, తర్వాత ఏమైందో కావాలి.

పేజీలన్నీ నేలమీద పరిచి మూడు కుప్పలు చేయండి: ఇంకు అయిపోయినవి, పెన్సిల్‌లో ఉన్నవి, బుర్రలో మాత్రమే ఉన్నవి. మూడో కుప్పకి కాగితం ఉండదు కాబట్టి ఒక్కో పేజీకి ఒక్కో చిన్న చీటీ రాసి పెట్టండి. ఆ చీటీలు మొదటి రెండు కుప్పలకన్నా ఎక్కువున్నాయంటే కథే పెద్దదైపోయిందని అర్థం, కోయాల్సింది అక్కడే.

నాది తిరుపతి గంగమ్మ జాతర మీద. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గర జనంలో తప్పిపోయిన పిల్లోడు, వాడు పట్టుకున్న చెయ్యి అమ్మది కాదు, వేషం వేసుకున్న ఎవరిదో. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, ఇలా రోజుకో వేషం ఉంటుంది కదా, వేషానికో అధ్యాయం అని మొదలుపెట్టి బండ దగ్గర ఆగిపోయింది. పూర్తిచేయడానికి చేసిందల్లా, కథని నేరుగా దొర వేషం రోజుకి దూకించడం. జాతర కథలో గంగమ్మ దుర్మార్గుడైన పాలెగాడిని చంపేది ఆ వేషంలోనే, కాబట్టి ముగింపు ఎలాగూ అక్కడే ఉంది. మధ్యలో రోజులు గడిచాయని చెప్పడానికి ఒకే ఒక్క అడ్డ ప్యానెల్ (బొమ్మ గడి), అందులో బొగ్గు పూసుకున్న మొహం, కుంకుమ పూసుకున్న మొహం, పక్కన పిల్లోడి కళ్లు. మాటల్లేవు. మీ కథలో కూడా ఇలా దూకడానికి వీలైన చోటు ఒకటి ఉంటుంది, వెతకండి.

చోటు దొరికాక, ఇంకేదీ గీయకముందే ఆఖరి పేజీ గీసేయండి. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, ముగింపు కాగితం మీద కనిపిస్తుంటే మధ్యలో ఎన్ని పేజీలు కావాలో లెక్క తేలిపోతుంది. ఆ లెక్కని నాలుగుతో భాగించేలా సర్దండి, 12, 16, 20 ఇలా. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో ఒక్కో కాగితం మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి, 17 పేజీల కథంటే మూడు ఖాళీ పేజీలు మోయాల్సిందే. ఆ పదిహేడోది ఎక్కడో ఇరికించేయండి.

ఆలస్యమైన కామిక్‌కి ఇంకో తలనొప్పి, బొమ్మల్లో కాలం పాతబడిపోవడం. నా రెండో పేజీలో బస్టాండు బోర్డు మీద "తిరుపతి, చిత్తూరు జిల్లా" అని శ్రద్ధగా రాసి ఉంది, 2022 ఏప్రిల్ 4న తిరుపతే జిల్లా అయిపోయింది. ఇంకోచోట బొరుగులమ్మే ఆమె రెండువేల నోటుకి చిల్లర లేదని తిడుతూ ఉంటుంది, ఆ నోటును 2023లో వెనక్కి తీసుకున్నారు. వీధుల్లో ఎక్కడా తర్వాత వచ్చిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ లేదు. ఇవన్నీ సరిచేయాలని కూర్చుంటే ఇంకో ఐదేళ్లు పడుతుంది. మొదటి ప్యానెల్ మూలలో ఒక డబ్బా గీసి "తిరుపతి, 2019" అని రాస్తే సరిపోయింది. ఇప్పుడా బోర్డు, ఆ నోటు తప్పులు కావు, ఆ కాలం గుర్తులు. చదివిన వాళ్లు ముందుగా నవ్వేది ఆ నోటు దగ్గరే.

గీయడం గురించి ఎక్కువ చెప్పను, పాత పేజీలు ఏ పెన్నుతో గీశారో అదే మందం పెన్నుతో మిగతావీ గీయండి. పాతవి పెన్సిల్‌లోనే ఉంటే కింద నుంచి లైట్ పెట్టి కొత్త కాగితం మీద ట్రేస్ చేసి ఇంకు వేయొచ్చు. స్కానింగ్ మాత్రం గ్రేస్కేల్‌లో 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) చేయించండి, 300కి చేస్తే సన్నగీతలు అచ్చులో రంపంలా రావచ్చు. కాగితం పసుపెక్కి ఉన్నా భయం లేదు, క్రితాలోనో గింప్‌లోనో లెవెల్స్ (వెలుగునీడల సర్దుబాటు) కాస్త జరిపితే తెలుపు తెల్లగా, నలుపు నల్లగా విడిపోతాయి. రెండూ బొమ్మలు దిద్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లే. స్కానర్ లేకపోతే పొద్దున పూట కిటికీ పక్కన, నీడ పడకుండా ఫోన్‌తో తీయండి. ట్యూబ్‌లైట్ కింద వద్దు.

ఇక అక్షరాలు. మన కామిక్స్ చాలావరకు బొమ్మ దగ్గర కాదు, ఇక్కడ చెడిపోతాయి. మాటల బెలూన్ ముందు గీసి తర్వాత మాటలు ఇరికించకండి, మాటలు రాశాకే చుట్టూ బెలూన్ గీయండి. తెలుగులో మాటలు పొడుగు, పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు కామిక్ చూసి నేర్చుకున్న బెలూన్‌లో "వెళ్లిపోతున్నాడంట" పెడితే ఆ ఒక్క మాటకే అటూ ఇటూ అంచులు తగులుతాయి, పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. కాబట్టి బెలూన్ వెడల్పుగా, వరుసల మధ్య జాగా ధారాళంగా, బెలూన్‌కి నాలుగైదు మాటలు మించకుండా. పెద్ద డైలాగైతే రెండు బెలూన్లు చేసి తోకతో కలపండి. కథనం డబ్బాలు ఎలా పెట్టాలో తెలియకపోతే శ్రీకాళహస్తి వెళ్లి పెద్ద కలంకారీ రామాయణం వస్త్రం ఒకటి దగ్గరగా చూడండి. గడులు గడులుగా కథ, గడి అంచున సన్నటి పట్టీలో తెలుగు రాత, బొమ్మకి ఎక్కడా అడ్డం రాదు. దాన్ని మించిన క్లాసు ఇంకోటి నాకు తెలీదు.

చేతిరాత బాగుంటే చేత్తోనే రాయండి. లేదంటే గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి, అచ్చులో వాడుకోడానికీ అడ్డంకి లేదు. బెలూన్లకి మండలి, డప్పు శబ్దాలకీ అరుపులకీ రామభద్ర, పుస్తకం పేరుకి ధూర్జటి (మన కాళహస్తి కవి పేరే). పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన నిలబడితే సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజిన్ మార్చాలి, ఆ గొడవెందుకు అనుకుంటే ఇంక్‌స్కేప్‌లో తెలుగు సరిగ్గానే కూర్చుంటుంది.

భాష మాత్రం మీ వీధిదే రాయండి. నా పిల్లోణ్ణి ఒకామె "యాడికి పోతా ఉండావురా అబ్బోడా" అని అడుగుతుంది, దాన్ని "ఎక్కడికి వెళ్తున్నావు బాబూ" అని మార్చమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మార్చలేదు. అలాగని సినిమాల్లో వినపడే సీమ యాస తెచ్చి పెట్టకండి, మన చిత్తూరు వైపు మాట అది కాదు.

అచ్చుకి వెళ్లేముందు ఒక జాగ్రత్త. డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతోనే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పని నడుస్తుంది, ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు అక్కడ తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, వాళ్లు "మళ్లీ టైపు చేయాలి సార్" అంటారు, కొత్త తప్పులు పుడతాయి. అందుకే ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి అదే ఇవ్వండి. ఏ5 సైజు చాలు, 16 పేజీల పుస్తకం నాలుగు ఏ4 కాగితాల్లో అయిపోతుంది. అడోబీ రీడర్ ప్రింట్ పెట్టెలో బుక్‌లెట్ అని ఉంటుంది, పేజీల వరస అదే సర్దుకుంటుంది. జిరాక్స్ షాపులో ముందు ఒక్క కాపీ వేయించి, మడిచి, అక్కడే కూర్చుని చదివి, ఆ తర్వాతే మిగతావి. పొడుగు చేతి స్టేప్లర్ ఉందా అని కూడా ముందే అడగండి. మామూలు దానితో మధ్య మడత అందదు.

ఫోన్‌లో చదివేవాళ్లకి పేజీకి పేజీ పంపితే కళ్లు చికిలించుకోవాల్సిందే. ప్యానెళ్లు విడగొట్టి ఒకదాని కింద ఒకటి పేర్చండి. ఇన్‌స్టాగ్రామ్‌కైతే 1080 బై 1350 సైజులో, ఒక్కో స్లైడ్‌కి ఒకటి రెండు ప్యానెళ్లే. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే నొక్కేసి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎవరైనా కొట్టేస్తారేమోనని టెన్షన్ పడేవాళ్లకి: మన చట్టంలో గీసిన క్షణం నుంచే కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ప్రతి పేజీ అంచునా పేరు, సంవత్సరం సన్నగా రాయండి, స్లైడ్లు విడివిడిగా తిరిగినా మీ పేరు వెంట పోతుంది.

మొదటి కాపీలు కామిక్స్ బాగా తెలిసిన మిత్రుడికి ఇవ్వకండి, అతను పర్‌స్పెక్టివ్ (దగ్గర, దూరం కొలతల) తప్పులు చెప్తాడు. కథ జరిగిన వీధిలో వాళ్లకి ఇవ్వండి. సెలూన్‌లో పాత పేపర్ల పక్కన ఒకటి, టీకొట్టులో ఒకటి పెట్టండి. వేషం కట్టే వాళ్లింట్లో ఇచ్చిన కాపీ తిరగేసి ఒక పెద్దాయన "మాతంగి లేదేమి, మాతంగి లేకుండా జాతర ఎట్లయితాది?" అని నిలదీశాడు. అది రెండో పుస్తకంలో అని చెప్పి, జేబులో ఉన్న పెన్నుతో ఆయన కాపీ వెనక అట్ట మీద ఒక చిన్న మాతంగిని గీసి ఇచ్చి వచ్చాను.