తగ్గని వికారం: నాకు పనిచేసిన పద్ధతి

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, కాసేపటికి వికారం, పొద్దున తిన్నది సాయంత్రం తేన్పుల్లో తెలియడం. నెలల తరబడి ఇదే వరస. యాసిడ్ మాత్రలు, అల్లం, ఉపవాసం, ఎండోస్కోపీ దేనితోనూ విషయం తేలలేదు.

దారి చూపింది నా చిట్టా. తిన్న వేళ, వికారం మొదలైన వేళ, తల కదిపితే పెరుగుతోందా, ఏ మందులు వేసుకున్నాను, ఇంతే రాశాను. ప్రతిసారీ అది భోజనం వెనకే వచ్చింది. అది చూసి డాక్టర్ జఠరం (తిన్నది చేరే కడుపు సంచి) ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచే స్కాన్ రాశారు. జఠరాన్ని మందగింపజేసే మందులుంటే ఆయన చెప్పినట్టు ముందే ఆపాలి, లేదంటే ఫలితాన్ని నమ్మలేం. రవ్వంత రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి 4 గంటల పాటు మధ్యమధ్య చిత్రాలు తీస్తారు (మహా విసుగు!). చివరికి ఆ ఆహారంలో 10 శాతానికి మించి జఠరంలో మిగిలితే ఖాళీ అవడం ఆలస్యమవుతున్నట్టు. నాకు మిగిలింది. ఇలా జఠరం మెల్లగా ఖాళీ అయ్యే జబ్బు పేరు గ్యాస్ట్రోపరేసిస్.

ముందు తిండి మార్చాను: కొవ్వు, పీచు తగ్గించి, మెత్తగా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, తిన్నాక పడుకోకుండా నడక. సగం ఉపశమనం దీనితోనే వచ్చింది. ఆ తర్వాతే, భోజనానికి అరగంట ముందు జఠరం త్వరగా ఖాళీ అయ్యేలా చేసే మెటోక్లోప్రమైడ్ మందు. 12 వారాలు దాటి వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే సమస్య శాశ్వతంగా మిగలవచ్చు కాబట్టి డాక్టర్ గడువు పెట్టారు.

అందరికీ ఇదే కారణమని అనుకోను. తల కదిపితే వికారం పెరిగేవారికి లోపలి చెవినో మైగ్రేన్‌నో అనుమానించాలి. విడతలుగా వాంతులై నడుమ పూర్తిగా బాగుంటే అది వేరే జబ్బు. మెట్‌ఫార్మిన్ (షుగర్ జబ్బు మందు) వంటి మందులూ కారణం కావచ్చు. రక్తపు వాంతులైతే మాత్రం చిట్టా రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.